తుపాకి - ఇల్లు - పద్దు: తెలుగునాట ఆయుధవిక్రయ చరిత్ర

హైదరాబాదు నగరమునకు దక్షిణపు అంచున, సరూర్‌నగరునకును శంషాబాదు విమానాశ్రయమునకును నడుమ బడంగ్‌పేట్ కలదు. ఒకనాటి ఈ గ్రామము నగరవిస్తరణమునకు లోనై 2019లో నగరపాలక సంస్థగా ఏర్పడినది. పొలములు ఇండ్లస్థలములైనవి, ఇండ్లలో పెక్కింటి ముందుగది దుకాణమైనది. కిరాణము, కుట్టుపని మొదలైన వ్యాపారములు గృహమునందే సాగుట మనకు వింతగా తోచదు. కాని అట్టి గృహస్థు డొకడు తన ఇంటినుండి తుపాకులను విక్రయించుటకు లైసెన్సు కోరెనేని విషయముయొక్క స్వరూపమే మాఱిపోవును. అతడు ఏమి అమ్మును, ఎంతకు అమ్మును అను ప్రశ్నలు వెనుకకు పోవును. సరకును ఎచ్చట ఉంచును, దానికి ఎవరికి లెక్క చెప్పును అను రెండు ప్రశ్నలు ముందునకు వచ్చును.

ఈ రెండు ప్రశ్నలును నేటివి కావు. తెలుగునాట ఆయుధవిక్రయ చరిత్రను పరిశీలించినచో అది ప్రధానముగా ఆయుధముయొక్క చరిత్ర కాదనియు, ఆయుధముయొక్క పద్దు ఎవరి చేతిలో ఉండెనను విషయముయొక్క చరిత్ర అనియు తెలియును. ఇల్లు ఈ చరిత్రలో ఆద్యంతములందును కనబడుచుండును: మొదట పనిచేయు చోటుగా, పిదప ఆయుధమును దాచు చోటుగా, తుదకు తనిఖీకి లోబడిన చోటుగా. ఈ మూడు దశలను నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా భాష యిచ్చు సాక్ష్యమును చూతము. తుపాకి అను పదము తుర్కీ పారసీకముల మార్గమున దక్కనునకు వచ్చినది. తోపు అనునదియు తుర్కీ పదమే. ఫిరంగి అనగా మొదట ఐరోపావాడు. మనుష్యునకు గల పేరే అతడు తెచ్చిన ఆయుధమునకును సంక్రమించినది. తుపాకి చెవియందు నింపు నిప్పుమందునకు రంజకమని పేరు. ఇవి యన్నియు పరాయి మాటలు. కాని ఆయుధమునకు లోపలి పదార్థములను చెప్పునపుడు తెలుగువాడు తన మాటలనే వాడినాడు: మందు, గుండు. రోగమును మాన్పు పదార్థమునకును ప్రాణమును తీయు పదార్థమునకును ఒకే మాట చాలినది. అంతటితో ఆగక తుపాకి మన ఇంటిపేర్లలో ప్రవేశించినది. కత్తివారు, బల్లెమువారు ఉన్నట్లే తుపాకులవారును తెలుగుదేశమున కలరు. గోదావరీ తీరమున తుపాకులగూడెమను గ్రామము కలదు. ఒక వస్తువు ఇంటిపేరును ఊరిపేరును కావలెనన్నచో అది రాజుల ఆయుధాగారములకే పరిమితమై యుండరాదు. కుటుంబముల వృత్తిలోనో వాడుకలోనో నెలకొని యుండవలెను. ఇంటికిని ఆయుధమునకును గల పాత సంబంధమునకు ఇది చిన్నదైనను విలువగల సాక్ష్యము.

1520 నాటి రాయచూరు యుద్ధమున శ్రీకృష్ణదేవరాయల పక్షమున పోర్చుగీసు తుపాకిదారులు పోరాడినట్లు న్యూనిజ్ వ్రాసిన వృత్తాంతమువలన తెలియుచున్నది. గోలకొండ సుల్తానుల కాలమునకు ఫిరంగులు కోటబురుజులపై స్థిరపడినవి. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు ఉభయపక్షములును ఫిరంగులపై ఆధారపడినవి. అయితే రాజులు ఆయుధములను కొనిరనియు పోతపోయించిరనియు చెప్పినంతమాత్రమున విక్రయచరిత్ర తెలియదు. చేయువాడెవడు, కొనువాడెవడు, వారి నడుమ లెక్క యెట్లు నడచెను అనునది తెలియవలెను. ఇందులకు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మంచి నిదర్శనము.

కోనసముద్రమున తయారైనది తుపాకి కాదు. కత్తికి వలయు మేలైన ఉక్కు. అయినను ఆయుధవ్యాపారముయొక్క తొలిరూపము అచట స్పష్టముగా కనబడును. లాంబ్టను నిర్వహించిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెచ్. డబ్ల్యు. వాయిసీ ఈ గ్రామమును దర్శించి అచటి పనిని వర్ణించెను. అతడు 1824లో మరణించెను. అతని రచన 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినది. వేర్వేఱు చోట్ల లభించు ఇనుములను నియతమైన పాళ్లలో కలిపి, మూసలలో నుంచి, కొలిమిలో కరగించి ఉక్కుగా చేయు విధానమును అతడు చెప్పెను. దానికంటె ముఖ్యమైన విషయమును మఱొకదానిని కూడ చెప్పెను. ఇస్ఫహాను నుండి వచ్చిన పారసీక వర్తకు డొకడు అచట నిలిచి, ఇనుము పాళ్లను తానే తూచుచు, తయారైన ఉక్కును తానే పరీక్షించుచు ఉండెను. ఆ ఉక్కుతోనే పారసీక దేశమున ప్రసిద్ధములైన కత్తులు తయారగుచుండెను.

ఈ వృత్తాంతమున దుకాణము లేదు, లైసెన్సు లేదు, రాజోద్యోగి లేడు. పనివాని కొలిమియే విక్రయస్థానము. కొనువాని తక్కెడయే పద్దు. నాణ్యమును కొనువాడు కనిపెట్టెనే కాని, ఆ ఉక్కు ఎవరి చేతిలో ఏ కత్తియై యే మెడను తాకునో కనిపెట్టువాడు లేడు. వృత్తి స్వేచ్ఛగా ఉండెనని దీనిని మెచ్చుకొనువారును ఉందురు. కాని పద్దు సరకుయొక్క మేలును మాత్రమే చూచి దాని గమ్యమును చూడకుండుట ఈ తొలిదశకు గల లక్షణమని గుర్తింపవలెను.

రెండవ దశలో పద్దు రాజ్యముయొక్క చేతికి పోయినది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాను కొలువున నుండిన ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిం మరీ రేమండు హైదరాబాదునందు ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పెను. ఫతే మైదానము సమీపమున నున్న ఆ స్థలమును ప్రజలు తోప్‌కాసాంచా అనిరి. సాంచా అనగా పోతమూస. నేటికిని ఆ ప్రాంతము గన్‌ఫౌండ్రీ అను పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. కోనసముద్రపు కొలిమికిని ఈ కార్ఖానాకును గల భేదము పరిమాణమునందే కాదు. ఇచట పనివాడు జీతగాడు. తయారైన ఫిరంగి అంగడికి రాదు. లెక్క సేనాని చేతిలో నుండును.

1798 మార్చి 25వ తేదీన రేమండు మరణించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసికొనెను. అక్టోబరు 22వ తేదీన సుమారు 14,000 మంది గల ఫ్రెంచి పటాలములను ఆంగ్లేయులు నిరాయుధులను చేసిరి. రేమండు సమాధి బడంగ్‌పేట్‌కు ఉత్తరమున, సరూర్‌నగరు దారిలోని అస్మాన్‌గఢ్ గుట్టపై నేటికిని నిలిచియున్నది. ఫిరంగి పోతపోయు నేర్పు ఒక్కదినములో నశించునది కాదు. కాని పోసిన ఫిరంగులపై అధికారము ఒక్కదినములో చేతులు మాఱినది. ఆయుధమును చేయుటకంటె ఆయుధముయొక్క లెక్కను చేజిక్కించుకొనుటయే బలమని ఆంగ్లేయులు గ్రహించిన తీరు ఇందులో కనబడుచున్నది.

ఈ గ్రహింపు ఎనుబది సంవత్సరములకు శాసనరూపమును దాల్చెను. 1857 నాటి తిరుగుబాటు పిదప ఆయుధములకు సంబంధించిన చట్టములు వెంటవెంట వచ్చినవి. వానిలో 1878వ సంవత్సరపు 11వ చట్టము ముఖ్యమైనది. లిట్టను వైస్రాయిగా నున్న కాలమున అది వెలువడినది. అనుమతిపత్రము లేనిదే ఆయుధములను చేయుటయు మార్చుటయు అమ్ముటయు నేరమని అది విధించెను. ఐరోపీయులకు ఇచ్చిన మినహాయింపు ఈ చట్టమునకు అపకీర్తి తెచ్చినది. జాతినిబట్టి యిచ్చిన ఈ భేదము 1920 నాటి నిబంధనల వలన తొలగినది. దేశభాషాపత్రికల చట్టమును రిప్పను 1882లో రద్దుచేసెను గాని ఆయుధముల చట్టమును ముట్టలేదు. కలమును విడిచినంత సులభముగా కత్తిని విడువరాదని ప్రభుత్వము తలచెను కాబోలు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండుటచే ఈ చట్టము అచట నేరుగా అమలైనది. నైజాం రాష్ట్రము బ్రిటిషిండియాలో చేరినది కాకపోవుటచే తెలంగాణమునకు అది నేరుగా వర్తింపలేదు.

ఈ చట్టముయొక్క 5వ విభాగమునందు ఒక సూక్ష్మమైన భేదము కలదు. మన ప్రస్తుత విషయమునకు అది కీలకమైనది. వ్యాపారముగా ఆయుధములను అమ్మువానికి లైసెన్సు కావలెను. కాని తన స్వంతవాడుకకై న్యాయముగా ఉంచుకొన్న తుపాకిని గృహస్థుడు మఱొకనికి అమ్ముకొనుటకు అది అక్కఱలేదు. అమ్మిన పిదప అనవసరమైన ఆలస్యము చేయక, కొన్నవాని పేరును నివాసమును మేజిస్ట్రేటునకు గాని సమీపపు పోలీసుఠాణా అధికారికి గాని తెలుపవలెను. అనగా ఇల్లు వేఱు, అంగడి వేఱు అను విభజనను శాసనము తొలిసారిగా గీత గీచి చెప్పినది. ఒకే తుపాకి గోడకు వ్రేలాడునపుడు గృహోపకరణము. అమ్మకమునకు పెట్టినపుడు సరకు. ఆ రెంటికి నడుమ గీత పద్దు.

పద్దునకు గల ఈ ప్రాధాన్యమును ప్రభుత్వమే కాక ప్రభుత్వమునకు ఎదురుతిరిగినవారును గుర్తించిరి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై వరుసగా దాడిచేసెను. మూడు దాడులలోను 26 తుపాకులును 2,500కు పైగా తూటాలును అతనికి చిక్కినవి. కొనిపోయిన ఆయుధముల వివరమును ఠాణా పుస్తకమునందే వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. ఈ చర్యను సాహసముగా మాత్రమే చెప్పుట మన వాడుక. అది అంతకంటె లోతైనది. దొంగ పద్దు వ్రాయడు. వ్రాసినవాడు ఆ ఆయుధములకు తాను బాధ్యుడనని చెప్పుకొనినాడు. లెక్క చెప్పించుకొను అధికారము ఎదిరిపక్షమునకు ఒక్కదానికే లేదని తెలిపినాడు. అతడు 1924 మే 7వ తేదీన చంపబడినాడు గాని, ఆ సంతకము ఆయుధచరిత్రలో ఒక వాదముగా నిలిచిపోయినది.

తెలంగాణమున చరిత్ర వేఱొక విధముగా నడచెను. అచట ఇల్లు ఆయుధమును దాచు చోటైనది. కాని ఆ యిల్లు సామాన్యుని యిల్లు కాదు, దేశముఖు గడి. ఎత్తైన గోడలు గల ఆ భవనము నివాసమును, కచేరియు, ఆయుధాగారమును ఒక్కటిగానే ఉండెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు మనుషులు కాల్చిన తుపాకిగుండునకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. వడిసెలలును కఱ్ఱలును కారపుపొడియు చేతబట్టిన రైతులకు గడిలోని తుపాకి ఎట్టిదో అంతకు ముందే తెలియును. ఆ దినమునుండి ఆ తుపాకి వారికి చేజిక్కించుకొనవలసిన వస్తువైనది. 1951 అక్టోబరులో విరమింపబడువఱకు సాగిన ఆ సాయుధపోరాటమున గడులనుండియు ఠాణాలనుండియు ఆయుధములను సంపాదించుట ఒక ప్రధానకార్యమైనది. అడుగువాడు లేని యింట ఆయుధము నిలువయైనచో దాని ఫలిత మెట్టిదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఆ కాలముననే పద్దులేని వ్యాపారముయొక్క పరాకాష్ఠయు హైదరాబాదునందు జరిగెను. 1948లో భారతప్రభుత్వము నైజాం రాష్ట్రమునకు ఆయుధములు చేరకుండ కట్టుదిట్టము చేసియుండగా, ఆస్ట్రేలియా దేశీయుడగు సిడ్నీ కాటను లాంకాస్ట్రియన్ విమానములలో కరాచీ నుండి రాత్రివేళల ఆయుధములను తెచ్చి దింపెను. ఆ ఆయుధములు రాష్ట్రమును నిలుపలేకపోయినవి. సెప్టెంబరు 13వ తేదీన ఆరంభమైన సైనికచర్య అయిదు దినములలో ముగిసినది.

స్వతంత్రభారతము ఈ వారసత్వమునంతటిని స్వీకరించి యొక నిర్ణయము చేయవలసి వచ్చెను. 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానము, నిబంధనలకు లోబడి ఆయుధమును ధరించు హక్కును పౌరహక్కులలో చేర్చినది. 1950 నాటి రాజ్యాంగము ఆ హక్కును మౌలికహక్కులలో చేర్పలేదు. పైగా 19వ అధికరణమున శాంతియుతముగా సమావేశమగు హక్కును ఇచ్చుచు, ఆయుధములు లేకుండ అని స్పష్టము చేసినది. ఆయుధములను కేంద్రజాబితాలోని 5వ అంశముగా నుంచినది. దానిని అనుసరించి 1959వ సంవత్సరపు 54వ చట్టము వచ్చినది. 1962 అక్టోబరు 1వ తేదీనుండి అది అమలైనది. కోస్తాయు, రాయలసీమయు, తెలంగాణమును ఆయుధముల విషయమున ఒకే శాసనము క్రిందకు వచ్చినవి.

1878 నాటి చట్టమునకును దీనికిని గల భేదములలో ఒకదానిని పరిశోధకులు ప్రత్యేకముగా గమనింపవలెను. గృహస్థుడు తన తుపాకిని అమ్ముకొను అవకాశము 5వ విభాగమున నిలిచియే యున్నది. కాని మునుపు అమ్మిన పిదప తెలుపవలసియుండెను. ఇప్పుడు అమ్ముటకు ముందే వ్రాతమూలముగా తెలుపవలెను, తెలిపిన పిదప 45 దినములు ఆగవలెను. పూర్వపు పద్దు జరిగినదానిని నమోదు చేసెను. నేటి పద్దు జరుగబోవుదానిని ఆపుటకు వ్యవధి యిచ్చును. చూచుటకు చిన్నమార్పుగా నున్నను, రాజ్యము ఇంటి గడపకు ఒక అడుగు దగ్గఱగా వచ్చినదని దీని తాత్పర్యము.

వ్యాపారి విషయమున రాజ్యము గడప దాటి లోనికే వచ్చినది. ఆయుధవర్తకుని లైసెన్సు వ్యక్తికి మాత్రమే చెందినది కాదు. అందు పేర్కొనబడిన ఆవరణకును చెందినది. ఆవరణముందు, స్పష్టముగా కనబడు చోట, తన పేరును తాను లైసెన్సుపొందిన వర్తకుడను విషయమును ఆంగ్లమునను జిల్లాభాషయందును పెద్ద అక్షరములతో వ్రాయించి పలక కట్టవలెనని 1962 నిబంధనల ననుసరించిన షరతులలో నుండెను. వచ్చిన సరకునకును పోయిన సరకునకును పుస్తకములు ఉంచవలెను. అమ్మునప్పుడు కొనువాని లైసెన్సుపై సరకు వివరమును పరిమాణమును తేదీని వ్రాసి సంతకము చేయవలెను. మేజిస్ట్రేటు గాని, నిర్ణీతమైన హోదాగల పోలీసు అధికారి గాని కోరినప్పుడు నిలువను పుస్తకములను చూపవలెను. తుపాకి మందు నిలువచేయుటకు 1884 నాటి ప్రేలుడుపదార్థముల చట్టము వేఱుగా వర్తించును. 2016 నాటి నిబంధనలు ప్రతి లైసెన్సునకును ప్రత్యేకసంఖ్యను విధించి పద్దును దేశవ్యాప్తమైన యంత్రగణన పట్టికలోనికి చేర్చినవి. 2019 నాటి సవరణ ఒక్క వ్యక్తి ఉంచుకొనదగు తుపాకుల సంఖ్యను మూడునుండి రెండునకు తగ్గించినది. లైసెన్సు లేక ఆయుధములను చేయుటకును అమ్ముటకును శిక్షను యావజ్జీవము వఱకు పెంచినది.

ఇట్టి షరతులు గల వ్యాపారమును ఇంటియందు నడుపుటయనగా నేమి? ఆ యిల్లు తలుపు వేసికొనుటకు పూర్తి హక్కుగల యిల్లు కాదని అర్థము. పడకగదికిని సరకుగదికిని నడుమ గోడ కట్టవచ్చును గాని, తనిఖీకిని గృహజీవనమునకును నడుమ గోడ కట్టుట కష్టము. ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1968 నాటి చట్టముక్రింద స్వల్పరుసుముతో లైసెన్సు పొంది యింటినుండియే తుపాకులమ్మువారు అసంఖ్యాకులైరి. వంటింటి బల్లయే వారి దుకాణమని లోకులు పరిహసించిరి. 1992లో అచటి లైసెన్సుదారులు 2,80,000కు పైగా నుండిరి. 1993లో మూడేండ్ల లైసెన్సునకు రుసుము 30 డాలర్లనుండి 200 డాలర్లకు పెరిగినది. 1994లో వ్రేలిముద్రలు, ఛాయాచిత్రము, స్థానికశాసనములకు లోబడుటను గూర్చిన ధ్రువీకరణము అవసరమైనవి. 2000 నాటికి ఆ సంఖ్య లక్ష ప్రాంతమునకు తగ్గినది. ఇంటినుండి అమ్మరాదని ఆ చట్టములు నిషేధింపలేదు. పద్దు బరువైనంతనే పలువురు తమంత తాము విరమించిరి. వర్తకులు కావలెనని కాక, తక్కువ వెలకు తమకై కొనుక్కొనవలెనని లైసెన్సు తీసికొన్నవారు వారిలో అనేకులని దీనివలన ఊహింపవచ్చును.

మన చట్టమున వర్తకునకు మఱొక బాధ్యతయు కలదు. లైసెన్సుదారుడు మరణించినను, అతని లైసెన్సు గడువు తీఱినను, రద్దైనను ఇంటిలోని తుపాకి ఆ క్షణముననే శాసనవిరుద్ధమగును. 21వ విభాగమును బట్టి దానిని సమీపపు ఠాణాలో గాని లైసెన్సుపొందిన వర్తకునియొద్ద గాని అప్పగింపవలెను. వారసుడు లైసెన్సు పొందినచో తీసికొనవచ్చును, లేదా అమ్మింపవచ్చును. గడువులోగా ఏదియు జరుగనిచో అది ప్రభుత్వపరము కావచ్చును. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి అలమరలోని తుపాకి యెంత భయమో ఊహింపదగినది. ఆమె దానిని తాకవలెనన్నను తప్పు, ఉంచవలెనన్నను తప్పు. ఠాణామెట్లు ఎక్కజాలని యట్టివారికి వర్తకుని యిల్లు సులభముగా చేరదగిన స్థలము. అతడు అమ్మువాడుగా కంటె దాచువాడుగా సమాజమునకు ఎక్కువ ఉపయోగపడు సందర్భమిది. ఈ నమ్మకమును అతడు నిలువబెట్టుకొనుటయు పుస్తకములోని ఒక వరుసపైననే ఆధారపడియున్నది.

బడంగ్‌పేట్ పరిసరములను ఈ దృష్టితో మరల చూచినచో ఒక వైరుధ్యము గోచరించును. 1962లో హైదరాబాదునకు వచ్చిన రక్షణపరిశోధన ప్రయోగశాల, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ సంస్థ, 1988లో నెలకొన్న ఇమారత్ పరిశోధనకేంద్రము ఈ చుట్టుపట్లనే కలవు. రేమండు కార్ఖానాకు నిజమైన వారసులు ఇవి. ఇచటి క్షిపణుల లెక్కను రాజ్యమే చూచుకొనును. వీని నీడన ఇంటి ముందుగదిలో నాలుగు తుపాకులు పెట్టుకొనిన వర్తకుడు కోనసముద్రపు కొలిమికి వారసుడు. క్షిపణికంటె అతని తుపాకి చిన్నది. కాని పొరుగింటి తగవునకు క్షిపణి రాదు, తుపాకి రాగలదు. ప్రజల దైనందినక్షేమము అతని పుస్తకముపైననే ఎక్కువ ఆధారపడియుండుట ఇందుచేతనే.

ఈ విషయమున చేయవలసిన పరిశోధన ఎంతయో కలదు. తుపాకులవారి కుటుంబములలోని వృత్తివృత్తాంతములు, గడుల ఆస్తిపట్టికలు, కమ్మరుల నోట నిలిచిన పనిముట్ల పేర్లు, పాతదుకాణములపై జిల్లాభాషలో వ్రాయించిన పలకలు సేకరింపదగినవి. ఇవి సాహిత్యము కావని తెలుగుశాఖలు ఉపేక్షింపరాదు. పద్దును సంతకమును భాషతో చేయు కార్యములే. చింతపల్లి ఠాణా పుస్తకములో వ్రాయబడినదియు, చిన్నవర్తకుడు ప్రతిసాయంకాలము వ్రాసికొనునదియు ఒకే మాట: ఈ ఆయుధమునకు నేను జవాబుదారిని. ఆ మాట వ్రాయువాడు లేని యింట తుపాకి ఎవరిదైనను, అది యెల్లవారికిని అపాయమే.